పోయినసారికి ధన్యవాదాలు

మా కూసిలా ఊళ్ళో చర్చి పక్కన సంఘం ఇల్లు ఒకటుంది. పెళ్ళి విందులు, బాప్తిస్మం విందులు, చావు కాఫీలు అన్నీ అందులోనే జరుగుతాయి. ఆ ఇంటి వంటగది ముప్పై ఏళ్ళకు పైగా సైమీ చేతిలో ఉంది. ఉద్యోగం చర్చిది, పెత్తనం ఆమెది. పాస్టర్లు వచ్చేవారు, ఊరిమీద రెండు మూడు కొత్త ఆలోచనలు ప్రయోగించి చూసేవారు, బదిలీ మీద వెళ్ళిపోయేవారు. సైమీ మాత్రం ఎవరి మొహమాటానికీ కాఫీ పలచన చేసి ఎరగదు. మనిషి పొట్టి, మాట అంతకంటే పొట్టి. పెళ్ళికొడుకైనా సరే, తండ్రిని మట్టిలో పెట్టి వచ్చినవాడైనా సరే, భుజం మీద చెయ్యి వేసి ఆమె అనే మాట ఒకటే: "తిను." అంతకంటే మంచి ఓదార్పు ఏ పాస్టరూ ఇవ్వలేదని మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఆ సైమీకి మా ఊరి మొత్తానికీ పేరు తెచ్చిన అల్లీతో ఉన్న సంబంధం ఓ కంచె, ఆ కంచెలో ఓ సందు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. అల్లీ తండ్రి సరస్సు మీద దుంగల తెప్పలు లాగే ఆవిరి పడవలో పొయ్యికి కట్టెలు వేసేవాడు, వేసవంతా ఇంటి మొహం చూసేవాడు కాదు. తల్లి హిల్మా నాలుగు ఆవులతో సంసారం ఈదింది. సాయంత్రం ఆవుల్ని ఇంటికి పిలిచే పని అల్లీది. గట్టుమీద నిలబడి ఆ పిల్ల గొంతెత్తితే అడవిలో మేస్తున్న తమ ఆవులతో పాటు పక్కవాళ్ళ ఆవులు కూడా తోకలూపుకుంటూ వచ్చేసేవి. ఎనిమిదేళ్ళు పెద్దదైన సైమీ ఆ పరాయి ఆవుల్ని తోలుకెళ్ళి, తిట్లు తిని, అప్పజెప్పి వచ్చేది. వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

చర్చిలో పాటలు పాడించే మాస్టారు అల్లీని బృందంలో చేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి, ఈ గొంతుతో ఇక్కడే ఉంటే పాపం తనకి చుట్టుకుంటుందని హిల్మాని ఒప్పించి హెల్సింకీ పంపాడు. అక్కడ సంగీతం బడిలో ముందు పాడటం మాన్పించి ఊపిరి పీల్చడం నేర్పారట. ఊపిరి పీల్చడానికి హెల్సింకీ దాకా పోవాలా అని మా వాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు. ఆ తర్వాత జర్మనీలో ఓ చిన్న ఊరి ఒపెరాలో కుదిరింది. పనిమనిషి వేషాలు, చెలికత్తె వేషాలు, "అమ్మగారూ, ఎవరో వచ్చారు" అని పాడి పక్కకు తప్పుకునే వేషాలు. అలా కొన్నేళ్ళు గడిచాక ఓ రోజు వియన్నాలో కథానాయిక గొంతు పోయింది. ఆ పాత్ర వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదు. అల్లీ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, సాయంత్రం ఆవిడ గౌనుకే వెనక పిన్నులు పెట్టించుకుని నిలబడింది. ఆమె చచ్చిపోయే ఘట్టం అయ్యాక జనం చాలాసేపు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారట. అక్కణ్ణుంచి మిలానో, లండన్, న్యూయార్క్. మధ్యమధ్య వేసవిలో మా దేశంలోనే ఓ పాత కోట పెరట్లో పాడేది. పత్రికల్లో ఫొటోలు, రాజులతో కరచాలనాలు. ఊరంతా కలిసి ఆమెకిచ్చిన బిరుదు మాత్రం ఒకటే: "ఫరవాలేదు, పాడుతుంది."

నిజానికి ఒపెరా అంటే మాకేం తెలుసు. అందులో ఆడవాళ్ళు చివరికి చచ్చిపోతారని తెలుసు. శనివారం ఆవిరి స్నానాలు చేసి, ఎర్రబడ్డ మొహాలతో అందరం రేడియోల దగ్గర చేరేవాళ్ళం. సైమీ మొగుడు తౌనో తెప్పల మీద పనిచేసిన మనిషి. చేతులకి పని లేకపోయినా నోటికి పని ఉండాలి అతనికి. పాట అయిపోగానే అడిగేవాడు.

"ఇవాళ దేంతో పోయింది?"

"క్షయ," అనేది సైమీ.

"పోయిన నెల విషం తాగింది. అంతకు ముందు గోడ మీంచి దూకింది. చచ్చి చచ్చి భలే బతుకుతోందే మన అల్లీ, ఇంటావిడా."

సైమీ నవ్వేది కాదు. ఆ రాత్రికి అతని కంచంలో ఓ ముక్క ఎక్కువ పడేది.

హిల్మా మార్చిలో పోయింది. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది, గొయ్యి తవ్వడానికి నేల మీద మంట వేసి కరిగించాల్సి వచ్చింది. అల్లీ మిలానో నుంచి నేరుగా వచ్చింది, నల్లకోటు, బొచ్చు కాలరు. సమాధి అయ్యాక సంఘం ఇంట్లో కాఫీ. అక్కడ అల్లీ పాడుతుందని అప్పటి పాస్టరు గారు ముందుగానే చాటించేశారు. అడిగి చాటించారో, అడగకుండానే చాటించారో దేవుడికే తెలియాలి. హిల్మా మొహం ఏనాడూ చూడనివాళ్ళు పక్క సంఘాల నుంచి మంచు బళ్ళ మీద వచ్చి ముందు కుర్చీలు పట్టుకున్నారు. మామూలుగా మా వాళ్ళు ముందు కుర్చీల్లో కూర్చోవడం చచ్చినా చెయ్యరు.

బల్లమీద గుడ్డ కోసం సైమీ కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళింది. తడి కోట్ల వరసల మధ్య, గోడవైపు తిరిగి, పొట్టమీద చెయ్యి ఆనించుకుని అల్లీ నిలబడి ఉంది. పెదాలు మూసీ తెరిచీ "మి, మి, మి" అని ఒక్కో మెట్టే పైకి వెళుతోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే?" అంది సైమీ.

"గొంతు సిద్ధం చేసుకుంటున్నాను."

"మీ అమ్మ పోయింది."

"తెలుసు సైమీ," అని అల్లీ మళ్ళీ గోడవైపు తిరిగి ఇంకో మెట్టు ఎక్కింది.

సైమీకి ఒళ్ళు మండిందో, గుండె తరుక్కుపోయిందో తర్వాత ఆమే చెప్పలేకపోయింది. హాల్లోకి వచ్చింది. రాగి కెటిల్ చేతిలో పట్టుకుని, పాస్టరు గారి వైపు కూడా చూడకుండా, జనం వైపు తిరిగి చెప్పేసింది.

"అల్లీ పాడదు. వచ్చి కాఫీ తీసుకోండి."

పాడేదాన్ని అడగలేదు, పాడించేవాళ్ళని అడగలేదు. ఎవరూ కదల్లేదు. అప్పుడు లోపల గదిలోంచి ఓ చప్పుడు వచ్చింది. అది పాట కాదు. మూడు సంఘాల జనం తలలు వంచుకుని బూట్ల వైపు చూస్తూ కూర్చున్నారు. సైమీ ఓ కప్పు కాఫీ పట్టుకుని లోపలికి వెళ్ళి, కప్పు అక్కడ పెట్టి, బయటికి వచ్చి తలుపు మూసింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది. పాస్టరు గారు కూడా లోపలికి వెళ్ళలేకపోయారు.

అల్లీ ఆ సాయంత్రం రైలుకే వెళ్ళిపోయింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు, సైమీకి కూడా.

ఆ తర్వాత ఆమె కూసిలాకి రాలేదు. ఒకటి కాదు రెండు కాదు, దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు. ప్రతి వేసవికీ సంఘం వాళ్ళు వచ్చి పాడమని పిలుపు పంపేవారు. వీలుపడదని మర్యాదగా జవాబు వచ్చేది. జవాబు వచ్చినప్పుడల్లా ఊరి కళ్ళు వంటగది వైపు తిరిగేవి. అంగట్లో కెర్తు అని ఒకావిడ ఉండేది, నోట్లో చక్కెర పెట్టుకుని కారం మాట్లాడే రకం. "మిలానోలో అంతమంది మూయించలేని నోరు, మా సైమీ ఒక్క మాటతో మూయించింది" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. సైమీ పిండి తూయించుకుని వచ్చేసేది. ఇంటికొచ్చాక ఆ పిండిని అవసరం కంటే గట్టిగా పిసికేది.

ఆమె బాధ కెర్తు మాటల గురించి కాదు. తను చేసింది తప్పో ఒప్పో తెలియకపోవడం. తెలుసుకునే దారి ఒక్కటే ఉంది, ఆ దారి తన చేతిలో లేదు.

మా వైపు ఒకరింట కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు కలిసినా, వానల గురించీ పంటల గురించీ ఎత్తకముందే "పోయినసారికి ధన్యవాదాలు" అనాలి. వారం తర్వాత కలిసినా అనాలి, పదేళ్ళ తర్వాత కలిసినా అనాలి. పెట్టినవాళ్ళు "నీకే ధన్యవాదాలు" అంటారు, అక్కడితో పాత లెక్క మూసి కొత్త కబురు మొదలవుతుంది. ఆ మాట అతిథి నోట్లోంచే ముందు రావాలి. అది రాకముందే పెట్టిన మనిషి పలకరించిందంటే ధన్యవాదాలు అడుక్కున్నట్టే. సైమీ పెట్టిన మనిషి, అల్లీ తాగిన మనిషి. అల్లీ వచ్చి ఆ మాట అంటే సైమీ చేసింది ఒప్పే. రాకపోతే, వచ్చీ అనకపోతే, ఊరంతా అంటున్నదే నిజం: తల్లి చావునాడు కూతురి నోరు నొక్కి, ఆ పిల్లకి సొంత ఊరు లేకుండా చేసిన మనిషి సైమీ.

దానికి తోడు సైమీ దగ్గర కూడా ఓ ధన్యవాదం ఇరుక్కుపోయి ఉంది. అల్లీ వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి, ఓ శీతాకాలం దుంగ దొర్లి తౌనో కాలు నలిగిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి కిటికీ పక్కన మంచం వేశారు. కాలు మెల్లగా అతుక్కుంది కానీ మనిషి పలకడం మానేశాడు. అంత వాగుడుకాయ గోడవైపు తిరిగి పడుకుని, అన్నానికి కూడా తల ఊపడమే. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓ శనివారం సైమీ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ రేడియో పెట్టింది. అల్లీ పాడుతోంది. ఆ గొంతు కాస్త మారింది, పైకి వెళ్ళేటప్పుడు మునుపటిలా మెరవకుండా ఏదో బరువు మోసుకెళ్తున్నట్టుంది. పాట ఆగింది. మంచం మీంచి ఓ గొంతు వచ్చింది, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు.

"ఇవాళ దేంతో పోయింది?"

సైమీ బంగాళాదుంపల గిన్నెలోకి ఏడ్చింది. ఏడుస్తూనే "బెంగతో" అంది. "అబ్బో, కొత్తది," అన్నాడు తౌనో. ఆ రోజు నుంచి ఇంట్లో మళ్ళీ మాట వినిపించింది. ఈ సంగతి అల్లీకి చెప్పాలని సైమీ ఎంత తపించిపోయిందో. కానీ ఎలా చెబుతుంది? పోయినసారి లెక్కే ఇంకా తెమలలేదు.

చివరికి ఓ వసంతంలో పేపర్లో వచ్చింది, అల్లీ రంగస్థలం మీద ఆఖరి పాత్ర పాడేసిందని. రెండు వారాలకి మా చర్చికి కొత్తగా వచ్చిన ఆడ పాస్టరుకి, మా పాస్టరమ్మకి, కబురు వచ్చింది. ఈసారి అల్లీయే రాసింది: జూలైలో ఊరికి వస్తున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే చర్చిలో నాలుగు పాటలు పాడతాను. పాస్టరమ్మ పట్టరాని సంతోషంతో వంటగదిలోకి పరిగెత్తుకొచ్చి చెప్పింది. సైమీ చేస్తున్న పని ఆపకుండా, ఎంతమందికి కాఫీ అని మాత్రం అడిగింది.

కచేరీ ముందు వారమంతా ఆమె ఇంట్లో ఏలకుల బన్నుల వాసనే. ఓ పళ్ళెం మాడ్చింది కూడా. ఎన్నడూ మాడ్చని మనిషి. తౌనో మాడిన బన్ను ఒకటి తీసుకుని నములుతూ అడిగాడు.

"వచ్చి ఆ మాట అంటుందంటావా?"

"అనాలి కాబట్టి అంటుంది. మర్యాద తెలిసిన పిల్ల."

"మర్యాదకి అంటే నీకు చాలా?"

సైమీకి చాలదు. ఊరికి చాలుతుంది, కెర్తు నోరు మూతపడుతుంది, ఆమెకి మాత్రం చాలదు. ఆ సంగతి మొగుడు ఇంత సులువుగా కనిపెట్టేసినందుకు కోపం వచ్చి, అతని చేతిలోంచి రెండో బన్ను లాక్కుంది.

కచేరీ రోజున సంఘం ఇంటి ముందు గుమ్మంలో పాస్టరమ్మ పూలగుత్తి పట్టుకుని నిలబడింది. పక్కన పాటల బృందం, వాళ్ళ పక్కన పేపరువాడు. అల్లీ ఆ దారిన రాలేదు. వెనక తోటలోంచి, కంచె పక్కనుంచి వచ్చి వంటగది తలుపు తోసింది. జుట్టు తెల్లబడింది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది, కాళ్ళకి మడమలు లేని చెప్పులు. సైమీ చేతిలో మీగడ జగ్గు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే నిలబడింది.

"పోయినసారికి ధన్యవాదాలు, సైమీ," అంది అల్లీ.

వానల గురించి ఎత్తకముందే, కూర్చోకముందే, గుమ్మంలోనే. పద్ధతి ప్రకారం అంది. ఇప్పుడు సైమీ "నీకే ధన్యవాదాలు" అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"దేనికి?"

మా ఊరు పుట్టాక ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. దేనికంటే కాఫీకి, ఇంకా దేనికి. అడిగేశాక సైమీ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. అల్లీ మాత్రం ఆశ్చర్యపోలేదు. బల్ల దగ్గర ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఆ రోజు నేను పాడి ఉంటే బాగా పాడేదాన్ని. తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ఎక్కడ ఊపిరి పట్టాలో, ఎక్కడ గొంతు కాస్త వణకనివ్వాలో, జనం ఏ మాట దగ్గర కళ్ళు తుడుచుకుంటారో అన్నీ తెలుసు నాకు. అన్నీ సరిగ్గా చేసి, తల వంచి, మా అమ్మని ఇక్కడ వదిలి రైలెక్కేసేదాన్ని. పాడమన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు సైమీ. పాడకు అన్నది నువ్వొక్కదానివే. నా జన్మలో టికెట్టు లేకుండా ఏడ్చింది ఆ ఒక్కసారే."

సైమీ మీగడ జగ్గు బల్లమీద పెట్టింది.

"మరి చెప్పకుండా వెళ్ళిపోయావేం?"

"నోరు తెరిస్తే మళ్ళీ ఏడుపొచ్చేది. మర్నాడు పాడాలి."

"ఇన్నేళ్ళూ రాలేదేం?"

"వచ్చిన ప్రతి పిలుపులోనూ పాడమనే ఉంది. మా అమ్మ ఉన్నచోటికి కచేరీకని రాబుద్ధి కాలేదు. కాఫీకి రమ్మని ఎవరూ పిలవలేదు. నువ్వు పిలుస్తావని చూశాను."

"నేనెలా పిలుస్తానే? ముందు నువ్వొచ్చి ఆ మాట అనాలి. అనకముందే పిలిస్తే అడుక్కున్నట్టు ఉండదూ?"

"నువ్వు పిలవకపోతే అనడానికి నేనెలా వస్తాను?"

ఇదీ మా జాతి తెలివి. ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరి మనసుల్లోనూ కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు, ఎవరు ముందు మాట్లాడాలో తెలియక జీవితంలో మంచి భాగమంతా అలా కూర్చున్నారు. ఇంకో ఊళ్ళోవాళ్ళైతే ఒకర్నొకరు కావలించుకుని ఏడ్చేవాళ్ళో, నవ్వేవాళ్ళో. సైమీ రెండు కప్పులు తీసి కాఫీ పోసింది. పోస్తుంటే కప్పు నిండి సాసర్లోకి ఒలికింది. అల్లీ సాసర్లోదే ముందు తాగేసింది, చిన్నప్పుడు అమ్మ దగ్గర తాగినట్టు.

అప్పుడు సైమీ "నీకే ధన్యవాదాలు" అంది. పద్ధతి కోసం అన్నది కాదు. వెంటనే తౌనో కాలు సంగతి, గోడవైపు తిరిగి పడుకున్న ఆ శీతాకాలం, బంగాళాదుంపలు, రేడియో, అన్నీ చెప్పేసింది. జీవితంలో ఒక్క బిగిన అంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆ గొంతులో నీ ఏడుపుంది, నాకు తెలిసింది. అదే మా ఇంటిని లేవదీసింది," అంది. అల్లీ ఖాళీ సాసరు బల్లమీద పెట్టింది. తర్వాత, ఆ రోజు తను దేంతో చచ్చిందో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించి, గుర్తు రాక, ఏదైనా సరే, తౌనోకి పనికొచ్చింది కదా అంది.

తలుపు తోసుకుని పాస్టరమ్మ వచ్చింది. చర్చి నిండిపోయిందని, ఆర్గన్ వాయించే ఆయన రెండుసార్లు కబురు పెట్టారని, పూలు వాడిపోతున్నాయని ఒక్క ఊపిరిలో చెప్పింది.

"కాఫీ తాగుతోందమ్మా," అంది సైమీ. "అయ్యాక వస్తుంది."

పాస్టరమ్మ తెలివైన మనిషి. పూలగుత్తి బాల్చీలో పెట్టి, తనూ ఓ కప్పు తీసుకుని కూర్చుంది.

అల్లీ లేస్తూ సైమీ చెయ్యి పట్టుకుంది, నువ్వు కూడా రావాలంది. ఇక్కడ కాఫీ ఎవరు చూస్తారంది సైమీ. నీ పాటలు రేడియోలో అన్నీ విన్నానుగా అని కూడా అంది.

"రేడియోలో నేను చచ్చిపోవడం విన్నావు," అంది అల్లీ. "ఇవాళ ఎవరూ చావరు. రా."

చర్చిలో ఎప్పటిలాగే వెనక బల్లలు కిక్కిరిసి ఉన్నాయి, ముందు బల్ల ఖాళీ. సైమీ వంటకి కట్టుకున్న పిండి మరకల ముందుగుడ్డతోనే మధ్య దారంతా నడిచి వెళ్ళి ఆ ఖాళీ బల్లమీద కూర్చోవలసి వచ్చింది. ఊరంతా ఆమె వీపునే చూస్తోంది. మూడో బల్లలో ఉన్న కెర్తు జరిగి కాళ్ళు పక్కకి తీసుకుంది. అల్లీ నాలుగు పాటలు పాడింది, మేమందరం చిన్నప్పటినుంచి పాడుకునేవే. పై స్వరాల దగ్గర ఒకచోట గొంతు పీచు పీచుగా చీలింది. ఆమె దాన్ని దాచలేదు, అలాగే వదిలేసి ముందుకు వెళ్ళింది. సైమీకి ఆ చీలిన చోటే అన్నిటికంటే దగ్గరగా అనిపించింది. ఈ గొంతు తన కంచె పక్కనే పెరిగింది, లోకమంతా తిరిగి, తన ఇంట్లో రేడియోలోంచి వచ్చి తన మొగుణ్ణి లేపింది, ఇప్పుడు తనకెదురుగా నిలబడి ఉంది. ఇంత భాగ్యం తనకి ఎందుకిచ్చావని దేవుణ్ణి అడగాలనిపించి, అడిగితే వెనక్కి తీసుకుంటాడేమో అని ఊరుకుంది. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆ సాయంత్రం సంఘం ఇంట్లో జనం బారులు తీరి అల్లీ చెయ్యి నొక్కారు. వచ్చే ఏడు కూడా పాడాలి, పక్క సంఘంలో కూడా పాడాలి, మనవరాలి పెళ్ళిలో ఒక్క పాటైనా పాడాలి. అల్లీ అందరికీ నవ్వుతూ చూద్దాం చూద్దాం అంది. స్ట్రాబెర్రీలు అయిపోయాయి, బన్నులు అయిపోయాయి, జనం పలచబడ్డారు. జూలై కాబట్టి రాత్రయినా వెలుతురు ఇంకా అలాగే ఉంది. సైమీ కప్పులు కడగడం ఆపి, తడి చేతులు ముందుగుడ్డకి తుడుచుకుంటూ అల్లీ వెంట గేటు దాకా వెళ్ళింది. ఆమె ఇంతవరకు ఎవరినీ గేటు దాకా సాగనంపిన మనిషి కాదు. ఏం చెప్పాలో గేటు దాకా వచ్చేవరకు ఆమెకీ తెలియదు.

"రేపు మా ఇంటికి కాఫీకి రా," అంది. "పాడక్కర్లేదు."

లోకంలోని పెద్ద పెద్ద ఒపెరాలు ఏళ్ళ ముందు నుంచి పిలుపులు పంపితే, చూసి చెబుతానని జవాబిచ్చిన మనిషి అల్లీ. ఇప్పుడు గేటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది, కళ్ళు నిండిపోయాయి. సైమీ ఎక్కడ మనసు మార్చుకుంటుందో అన్నట్టు గబగబా అడిగింది.

"ఎన్నింటికి?"